‘ఎప్పుడూ’ ఎక్కడ నిలబడాలి

శ్రోతలకు నమస్కారం.

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డప్పుడు చుట్టుపక్కల మాటలు వింటుంటాను. “ఎప్పుడూ ఇంతేనండీ, మనం వచ్చేసరికి పంటు అవతలి ఒడ్డునే ఉంటది.” “వాడు ఎప్పుడు చూసినా ఫోనేనండీ.” “మా బావగారు ఎప్పుడూ రారండీ ఇటు.” మూడింటిలోనూ మనకు వినపడేది దాదాపు ఒకటే మాట. అదే ముగ్గురినీ ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం మూడు రకాల వాక్యాలు కావాలి. ఒక పని ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పే ఇలాంటి మాటల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఇంగ్లీషులో వీటిని అడ్వెర్బ్స్ ఆఫ్ ఫ్రీక్వెన్సీ అంటారు. ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, రేర్లీ, నెవర్. వీటి అర్థాలు ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. వాక్యంలో ఎక్కడ పెట్టాలన్న దగ్గరే డిగ్రీ చదివినవాళ్లు కూడా ఆగిపోతారు.

అందుకు కారణం మన తెలుగులోనే ఉంది. “ఎప్పుడూ అమ్మే ముందు లేస్తుంది” అనవచ్చు. “అమ్మే ఎప్పుడూ ముందు లేస్తుంది” అనవచ్చు. “అమ్మే ముందు లేస్తుంది ఎప్పుడూ” అన్నా ఎవరూ తప్పు పట్టరు. ఏ మాట మీద బలం పెట్టాలనుకుంటే దాన్ని ముందుకో వెనక్కో జరుపుకుంటాం. ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు చాలా తక్కువ. అక్కడ మాట ఏ పని చేస్తుందో అది నిలబడ్డ చోటే చెబుతుంది. “మదర్ ఆల్వేస్ వేక్స్ అప్ ఫస్ట్.” ఇక్కడ ‘ఆల్వేస్’ ఉండాల్సిన చోటు ‘మదర్’ తర్వాత, ‘వేక్స్’కు ముందు. మన పిల్లలు “ఆల్వేస్ మదర్ వేక్స్ అప్ ఫస్ట్” అని రాస్తారు. వాళ్ల మనసులో వాక్యం ‘ఎప్పుడూ’తో మొదలైంది కాబట్టి చేతిలోనూ అలాగే వచ్చింది.

ఆ చోటును గుర్తు పెట్టుకోవడానికి నేను పిల్లలకు లాకు చూపిస్తాను, అంటే కాలువలో పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే కట్టడం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ తర్వాత కాలువల మీద లాకులు లేచాయి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. లాకుకు రెండు జతల తలుపులుంటాయి. పడవ మొదటి తలుపులు దాటి లోపలికొస్తుంది. నీటిమట్టం సరిపోయేదాకా మధ్యలో ఆగుతుంది. తర్వాత రెండో తలుపులు తెరుస్తారు.

ఇంగ్లీషు వాక్యంలో కూడా చాలాసార్లు ఇలాంటి రెండు తలుపులుంటాయి. మొదటిది సహాయక క్రియ: హావ్, కెన్, విల్, షుడ్ లాంటివి. రెండోది అసలు క్రియ. మన ‘ఆల్వేస్’, ‘ఆఫెన్’, ‘నెవర్’ లాంటి పడవలు ఆగేది ఆ రెంటి మధ్యన. “యు కెన్ ఆఫెన్ సీ ఈగ్రెట్స్ ఇన్ ద ప్యాడీ.” ‘కెన్’ ఒక తలుపు, ‘సీ’ రెండో తలుపు, మధ్యలో ‘ఆఫెన్’. దీన్ని ‘ఆఫ్టెన్’ అని ‘ట’ వినపడేలా పలికినా తప్పేమీ లేదు, రెండూ వాడుకలో ఉన్నవే. “వుయ్ హావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ దిస్ లంక.” లంక అంటే గోదావరి మధ్యలో ఉండే దీవి. ‘హావ్’ ఒకటి, ‘లివ్డ్’ ఒకటి, మధ్యలో ‘ఆల్వేస్’. సహాయక క్రియలు రెండు మూడు ఉంటే మొదటిది దాటగానే ఆగాలి.

సహాయక క్రియ అసలే లేకపోతే? అప్పుడు ఉన్నది అసలు క్రియ తలుపు ఒక్కటే. పడవ దాని ముందే ఆగుతుంది. “మై ఫాదర్ రేర్లీ ఈట్స్ ఫిష్.” ఇక యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అనేవి ఒంటరిగా వచ్చినా ఎప్పుడూ మొదటి తలుపు కిందే లెక్క. మామూలు వాక్యంలో వాటిని దాటాకే ఆగాలి. “ద కెనాల్ ఈజ్ ఆల్వేస్ ఫుల్ ఇన్ ఆగస్ట్.” “ద పంటు ఈజ్ ఆఫెన్ లేట్.” పంటుకు ఇంగ్లీషు మాట వెతకకండి, మన రేవులో ఆ మాటే అందరికీ తెలుసు.

రోజూ, వారానికోసారి, ఏటా అని లెక్కగా చెప్పే మాటలకు ఈ లాకుతో పనిలేదు. అవి సాధారణంగా వాక్యం చివరికి పోతాయి. మనవాళ్లు “డైలీ ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్” అంటారు. “ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఎవ్రీ డే” అంటే వినసొంపుగా ఉంటుంది. కొబ్బరి దింపు రెండు నెలలకోసారైతే ‘వన్స్ ఇన్ టూ మంత్స్’, గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి కాబట్టి ‘వన్స్ ఇన్ ట్వెల్వ్ ఇయర్స్’. రెండూ వాక్యం చివరే.

ఇక్కడిదాకా ఏ గ్రామరు పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను ఈ ప్రసంగం చెయ్యాలనుకున్నది మాత్రం ఇంకో విషయం కోసం.

నా దగ్గర చదువుకున్న ఒక లంక అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసి వేరే రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో చేరింది. ఒక రాత్రి ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. వాళ్ల వార్డులో ఒక తెలుగు పెద్దాయన ఉన్నాడు. బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఇంటి దగ్గర మాత్రలు వేసుకుంటున్నావా అని ఈ పిల్ల అడిగితే “ఎప్పుడూ వేసుకోనమ్మా” అన్నాడు. తెలుగు రాని డాక్టరుకు ఈ అమ్మాయి దాన్ని “హి ఆల్వేస్ డజంట్ టేక్ ద టాబ్లెట్స్” అని చెప్పింది. డాక్టరు దాన్ని “ప్రతిసారీ వేసుకోడు, అప్పుడప్పుడు మానేస్తాడు” అని అర్థం చేసుకున్నాడు. మాత్రలు చాలావరకు వేసుకుంటున్నా బీపీ తగ్గలేదంటే మోతాదు పెంచాలేమో అని ఆలోచనలో పడ్డాడు. అదృష్టం కొద్దీ ఇంకోసారి గుచ్చి గుచ్చి అడిగాడు. అసలు ఒక్క మాత్ర కూడా మింగలేదని అప్పుడు తేలింది. “మాస్టారూ, నేను ఉన్నదే చెప్పానండీ, ఎక్కడ తేడా వచ్చింది?” అని అడిగింది ఆ పిల్ల.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ‘ఎప్పుడూ అంటే ఆల్వేస్’ అని ఆ పిల్ల చేత నోటుబుక్కులో రాయించింది నేనే.

తేడా ఎక్కడ వచ్చిందో చూడండి. తెలుగులో ‘ఎప్పుడూ’ అన్న మాటకు తనంతట తాను అవునూ లేదు, కాదూ లేదు. ఆ సంగతి చివర వచ్చే క్రియ తేలుస్తుంది. ‘ఎప్పుడూ వేసుకుంటాను’ అంటే ఆల్వేస్. ‘ఎప్పుడూ వేసుకోను’ అంటే నెవర్. మన ‘కాదు’ క్రియలోనే ఇమిడి ఉంటుంది: వేసుకోను, రాడు, తినదు. ఇంగ్లీషులో ఆ ‘కాదు’ను ‘నెవర్’ తన లోపలే మోసుకొస్తుంది. అందుకే దాని పక్కన క్రియ మామూలుగానే ఉండాలి. “హి నెవర్ టేక్స్ ద టాబ్లెట్స్.” ‘డజంట్’ అక్కర్లేదు. ‘నెవర్ డజంట్ టేక్’ అంటే కాదును కాదన్నట్టు తిరగబడుతుంది.

అదే “హి డజంట్ ఆల్వేస్ టేక్ ద టాబ్లెట్స్” అంటే ప్రతిసారీ వేసుకోడు, అంటే కొన్నిసార్లు వేసుకుంటాడు. డాక్టరుకు వినపడింది ఇదే. ‘అప్పుడప్పుడు వేసుకోడు’ అని చెప్పాలంటే మాత్రం ‘సమ్‌టైమ్స్’ను ‘డజంట్’ కంటే ముందు పెట్టాలి: “హి సమ్‌టైమ్స్ డజంట్ టేక్ దెమ్.” ‘ఆల్వేస్’ను ‘నాట్’ తర్వాత, ‘సమ్‌టైమ్స్’ను ‘నాట్’కు ముందు పెట్టడం అలవాటు చేసుకోవాలి. జబ్బు గురించి చెప్పేటప్పుడు ఈ ఒక్క అడుగు తేడాకే మందు మారిపోతుంది.

ఇలాంటి చిక్కే ఇంకొకటి ఉంది. “మా లంకకు బస్సు ఎప్పుడో గానీ రాదు.” ఇక్కడా ‘రాదు’ అన్న తెలుగు క్రియలోనే ‘కాదు’ ఇమిడి ఉంది. ఇంగ్లీషులో ‘రేర్లీ’, ‘సెల్డమ్’, ‘హార్డ్లీ ఎవర్’ అనే మాటలు ఆ కాదును సగం తమలోనే దాచుకుంటాయి. కాబట్టి “ద బస్ రేర్లీ కమ్స్ టు అవర్ లంక” అంటే సరిపోతుంది. ‘రేర్లీ డజంట్ కమ్’ అంటే బస్సు దాదాపు రోజూ వస్తుందని అర్థం. ఆ మాట నమ్మి మన ఊరొచ్చినవాడు రోడ్డు మీద ఎండలో నిలబడాల్సి వస్తుంది.

ఇప్పుడు రేవులో విన్న మూడు మాటలకు వద్దాం. అవతలి ఒడ్డునే ఉండే పంటు సంగతి సులువు: “ద పంటు ఈజ్ ఆల్వేస్ ఆన్ ది అదర్ సైడ్.” బావగారు ఎప్పుడూ రారు: “మై బ్రదర్-ఇన్-లా నెవర్ కమ్స్ హియర్.” ఎప్పుడు చూసినా ఫోనే అన్నది మాత్రం చాలా అందమైన మాట. అందులో కొంచెం విసుగుంది, కొంచెం చనువుంది. ‘హి ఆల్వేస్ లుక్స్ ఎట్ హిజ్ ఫోన్’ అంటే ఆ విసుగు అంతగా వినపడదు. “హి ఈజ్ ఆల్వేస్ లుకింగ్ ఎట్ హిజ్ ఫోన్” అంటే వినపడుతుంది. ‘ఆల్వేస్’ తర్వాత ‘ఇంగ్’ రూపం వస్తే ఇంగ్లీషులో అది చాలాసార్లు అమ్మ గొంతులా ఉంటుంది. ఇక్కడ కూడా తలుపులు రెండే: ‘ఈజ్’ ఒకటి, ‘లుకింగ్’ ఒకటి.

1986 ఆగస్టు వరద చూసిన పెద్దలు “అలాంటి వరద నేనెప్పుడూ చూడలేదు” అంటారు. మామూలుగా అయితే “ఐ హావ్ నెవర్ సీన్ సచ్ ఎ ఫ్లడ్.” గుండెలోంచి బలంగా చెప్పాలంటే ఇంగ్లీషువాళ్లు ‘నెవర్’ను అన్నిటికంటే ముందుకు తెస్తారు. అప్పుడు ‘హావ్’ కూడా కర్తను దాటి ముందుకొస్తుంది: “నెవర్ హావ్ ఐ సీన్ సచ్ ఎ ఫ్లడ్.” ఇది ఎక్కువగా రాతలోనూ ఉపన్యాసంలోనూ కనిపించే తీరు. రోజువారీ మాటల్లో వాడితే కొంచెం నాటకంలా ఉంటుంది. ‘యూజువల్లీ’, ‘సమ్‌టైమ్స్’ వాక్యం మొదట్లోకొచ్చినా ఇలా ఏమీ తారుమారు కాదు.

చివరగా ప్రశ్నల సంగతి. వానాకాలంలో కొత్త నీరు వచ్చినప్పుడు సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురీదుతూ పులస వస్తుంది. బయటి ఊరి అతిథిని మనం అడిగే మొదటి ప్రశ్న “మీరెప్పుడైనా పులస తిన్నారా?” ‘ఎప్పుడైనా’కు ఇంగ్లీషులో ‘ఎవర్’. “హావ్ యు ఎవర్ ఈటెన్ పులస?” ప్రశ్న కాబట్టి ‘హావ్’ ముందుకెళ్లింది, ‘యు’ మధ్యలోకొచ్చింది. అయినా ‘ఎవర్’ మాత్రం ‘ఈటెన్’ తలుపు ముందే ఆగింది. తిన్నవాళ్లు “యెస్, ఐ హావ్” అంటారు. తిననివాళ్లు “నో, ఐ నెవర్ హావ్” అంటారు. ఈ చిన్న జవాబులో ‘నెవర్’ ‘హావ్’ను దాటకుండా దాని ముందే ఉండిపోయింది. ఎందుకంటే వెనక ‘ఈటెన్’ లేదు. ఇలా జవాబు మొదటి తలుపు దగ్గరే ముగిసిపోయినప్పుడు పడవ ఆ తలుపు బయటే ఆగుతుంది.

నమస్కారం.