ఒక కాణి నేల, ఎనిమిది వందల రూపాయలు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో, తిరుపతిలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఈ కార్తీక వానలో తడుస్తూ వచ్చిన మీ అందరికీ నమస్కారం. పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా చదవడం ఆచారం. నాకంటే ముందు ముగ్గురు చదివారు. నాలుగోసారి కూడా చదివితే ఆ పెద్దలే నొచ్చుకుంటారు.

నాకిచ్చిన అంశం 'డిజిటల్ యుగంలో గ్రంథాలయం'. నాలుగు పేజీలు రాసుకున్నాను. నిన్న రాత్రి చదివి చూసుకుంటే నాకే నిద్ర వచ్చింది. అందుకని ఆ కాగితాలు జేబులోనే ఉంచి, మా నాన్నగారి నేల గురించి చెబుతాను. అంశం దారిలో ఎక్కడో కలుస్తుంది.

మా నాన్నగారు పోయాక పెట్టెలో ఒక పాత దస్తావేజు దొరికింది. చిత్తూరు దగ్గర మా ఊరి చెరువు కింది భూమి. విస్తీర్ణం 'ఒక కాణి' అని రాసి ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మా ఊరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. జిల్లా మారింది గాని, అరవ సీమ కొలతలు మా కాగితాల్లోనే ఉండిపోయాయి. కాణి అంటే ఎంత అని మా మనవరాలిని అడిగాను. ఆ అమ్మాయి ఫోనులో వెతికింది. మొదట ఇళ్ల స్థలాల ప్రకటనలు వచ్చాయి. వాటి కింద కొలతలు మార్చి చూపే పట్టికలు, ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి. అంకె దొరికింది. ఆ అంకె ఎక్కడి నుంచి పుట్టిందో ఒక్కటీ చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పుస్తకాల బీరువాల మధ్య బతికినవాణ్ణి, ఆధారం లేని అంకె నాకు గొంతు దిగదు.

రెండు రోజుల తర్వాత వేరే పని మీద, పాత చెరువుల తూముల గురించి వెతుకుతూ, ఎవరో సొంతంగా నడుపుకునే ఒక చిన్న వెబ్‌సైటులోకి వెళ్లాను. పేజీ అడుగున 'నేను తరచు వెళ్లే చోట్లు' అని ఏడెనిమిది లింకులు. ఒకటి నొక్కాను. అక్కడా అలాంటి జాబితాయే. అందులోంచి మూడో చోటికి వెళ్లాను. తెల్లటి పేజీ. బొమ్మల్లేవు, ప్రకటనల్లేవు. రాసినాయన భూముల సర్వేలో పనిచేసి విరమించారు. ఇరవై నాలుగు అడుగుల గడ, దానితో కొలిచిన చదరాలు నూరు, కలిపితే 57,600 చదరపు అడుగులు, అదే కాణి. గడను ఎవరు మోసేవారు, గట్టు దగ్గర ఎవరు ఎవరి మీద అరిచేవారు, ఏ కొలతగాడు గడను కాస్త వాల్చి పట్టేవాడు, అన్నీ రాశారు. తర్వాతి కాగితాల్లో మా నేల ఎకరా ముప్పై రెండు సెంట్లని ఎందుకుందో నాకప్పుడు తెలిసింది. మూడు గంతుల్లో తెలిసింది! మూడు గంతులూ మనుషులు వేయించినవే.

మన ఊరి బస్టాండులో దిగిన యాత్రికుణ్ణి చూడండి. ప్రతి బోర్డూ అలిపిరికే దారి చూపుతుంది. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో ఏ బోర్డూ చెప్పదు. పక్కన పూలమ్మే ఆవిడ చెబుతుంది. నేను చెప్పబోయేది ఆ పూలావిడ గురించే.

1994లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే ఇద్దరు కుర్రవాళ్లు తమకు నచ్చిన వెబ్‌సైట్లను శీర్షికల కింద పేర్చడం మొదలుపెట్టారు. అదే యాహూ. తర్వాత 1998లో డీమాజ్ వచ్చింది. వేలమంది స్వచ్ఛందంగా కూర్చుని వెబ్‌సైట్లను వర్గాలుగా విడదీశారు. అయ్యా, వర్గీకరణ మన పని కాదా? అది గ్రంథాలయమే. యాహూ జాబితా 2014 చివర, డీమాజ్ 2017లో మూతపడ్డాయి. మన పత్రికల్లో ఎన్ని సంతాప వాక్యాలు వచ్చాయి? నేను ఒక్కటీ చూడలేదు.

గూగుల్ కూడా మొదట్లో మన దారే తొక్కింది. ఒక పరిశోధన వ్యాసాన్ని ఎంతమంది ఉటంకించారో చూసి దాని విలువ కట్టినట్టు, ఒక పేజీకి ఎంతమంది లింకు ఇచ్చారో చూసి ముందువరుసలో పెట్టింది. అంటే మనుషులు చూపిన వేలినే లెక్కపెట్టింది. తర్వాత ఆ మనుషులంతా ఫేస్‌బుక్కుకూ వాట్సాప్‌కూ తరలిపోయారు. సొంత పేజీలో పక్కింటివాడి చిరునామా రాసే అలవాటు పోయింది. వేలు చూపేవాడు లేనప్పుడు సర్వేయరుగారి పేజీ ముందువరుసకు ఎలా వస్తుంది? యంత్రాన్ని తిట్టి లాభం లేదు. ప్రకటనలు పెట్టి అది డబ్బు చేసుకుంటోంది, నిజమే. కానీ లింకులు ఇవ్వడం మానినవాళ్లం మనం.

తెలుగువాళ్లకు ఇంకో తంటా ఉంది. యూనికోడ్ అనే, అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి అలవాటు కాకముందు ఒక్కో వెబ్‌సైటు ఒక్కో సొంత ఫాంటు వాడింది. తెర మీద 'కాణి' అని కనిపిస్తుంది, లోపల మాత్రం అర్థం లేని ఇంగ్లిషు గుర్తులుంటాయి. మీరు తెలుగులో కాణి అని వెతికితే ఆ పేజీ పలకదు. కళ్లముందున్నా దొరకని పుస్తకం అది. ఈ చిక్కులన్నిటి మధ్య 'ఈమాట' వెబ్ పత్రిక 1998 నుంచి నడుస్తోంది. 'కూడలి' తెలుగు బ్లాగులన్నిటినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టింది. పొద్దున్నే కూడలి తెరిచి ఎవరేం రాశారో చూసిన రోజులు మీలో ఎంతమందికి గుర్తున్నాయి? చేతులెత్తండి. ఆరుగురు. ఫరవాలేదు, నేను నలుగురనుకున్నాను.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఐదు నిమిషాలట. అయితే అసలు మాట చెప్పేస్తాను.

ఈ ఊళ్లోనే ఒక చిన్న సాహిత్య బృందం ఉండేది. పేరు చెప్పను. 2007లో మేం ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాం. నలభైకి పైగా ప్రసంగాలు, పెద్దవాళ్ల గొంతులు, పద్యాలు చదివినవి, హరికథ ముక్కలు. ఇద్దరు కుర్రవాళ్లు రాత్రుళ్లు కూర్చుని ఎక్కించారు. ఆ గొంతుల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఆ చిరునామాకు ఏడాదికి ఎనిమిది వందలు కట్టాలి. ఒక ఏడాది కట్టలేదు. ఇప్పుడు ఆ చిరునామా నొక్కితే పేకాట ప్రకటన వస్తుంది. అవధానిగారి గొంతు ఉన్నచోట 'ఆడండి, గెలవండి' అని ఉంది.

ఈ సంగతి పదేళ్లుగా ప్రతి సభలో చెబుతున్నాను. ఎవరో పట్టించుకోలేదని, ఈ ఊరికి విలువ తెలియదని తిట్టాను. ఇవాళ మిగతాది కూడా చెబుతాను. గడువు దగ్గరపడిందని ఉత్తరాలు వచ్చింది నా ఈమెయిలుకే. మూడు వచ్చాయి. ఆ నెల మా అమ్మాయి పెళ్లి. నేను తెరవలేదు.

తిరుపతిలో మైకు పట్టుకున్నవాడు అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకుల మాట ఎత్తకుండా దిగడు. నేనూ ఎత్తుతున్నాను, క్షమించాలి. కొండ మీద గుడిలోనే ఆ రేకులు శతాబ్దాలు ఎవరికీ పట్టకుండా ఉన్నాయి, అయినా చెడలేదు. రాగికి ఏటేటా రుసుము కట్టే పని లేదు. మన రేకులకు ఉంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అని ఒక సంస్థ 1996 నుంచి పాత పేజీల నకళ్లు దాస్తోంది. చచ్చిపోయిన చిరునామాను వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పెడితే ఒక్కోసారి లేచి వస్తుంది. మా వెబ్‌సైటువి పదకొండు పేజీలు అలా దొరికాయి. అక్షరాలు దొరికాయి, గొంతులు దొరకలేదు.

వెనక వరుసలో ఫోను చూస్తున్న బాబూ, నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ ఫోనులోనే 'మార్జినాలియా' అని కొట్టి చూడు. స్వీడన్‌లో ఒకాయన మొదలుపెట్టిన శోధన యంత్రం. ప్రకటనల గోల లేని, అక్షరాలు ఎక్కువున్న చిన్న పేజీలను అది ముందుకు తెస్తుంది. తెలుగు అందులో దొరుకుతుందని ఆశపడకు. తెలుగుకు అలాంటిది ఎవరు చేస్తారని నన్నడిగితే, నీ వయసువాళ్ల వైపే చూస్తాను.

మన గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్‌గారు 1931లో ఐదు సూత్రాలు చెప్పారు. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. మనం రెండోదాన్నే పట్టుకున్నాం, పాఠకుడికి పుస్తకం ఇచ్చి పంపేశాం. అక్కడెక్కడో తెల్లటి పేజీ తన పాఠకుడి కోసం కూర్చుని ఉందని మనకు తట్టలేదు. మీకు సొంత పేజీ ఉంటే అడుగున నాలుగు చిరునామాలు రాయండి. లేకపోతే మీ గ్రంథాలయం నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాయండి. నేను ఇరవై ఏడు రాసుకొచ్చాను. చెప్పుల స్టాండు దగ్గర బల్ల మీద నకళ్లు ఉన్నాయి. ఏది తెరుచుకోకపోయినా నాకు చెప్పండి, జాబితాలోంచి కొట్టేస్తాను.

ఇంకొక్క మాట. సర్వేయరుగారి పేజీలో చివరి తేదీ 2016. ఆయనకు రాసిన ఈమెయిలు తిరిగొచ్చింది. ఆ చిరునామాకు ఇప్పుడు రుసుము ఎవరు కడుతున్నారో, ఎప్పటిదాకా కట్టారో తెలియదు. పేజీలన్నీ అచ్చు తీసి ఈ సంచిలో తెచ్చాను. ఆయన ఉద్యోగం గంగాధర నెల్లూరు వైపు చేసినట్టు రాతను బట్టి తెలుస్తోంది. మీలో ఆ పక్క సర్వేలో పనిచేసినవారు, లేదా వాళ్ల పిల్లలు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక ఒక్క నిమిషం ఆగండి. నేను మెట్ల దగ్గరే ఉంటాను.