చేతి కింద వేలాడేది కొవ్వా, చర్మమా? ఆర్మ్ లిఫ్ట్‌కి ముందు తెలియాల్సినవి

"రెండు కిలోల డంబెల్ పట్టుకుని రోజూ ఊపండి అక్కా, నెలలో పోతుంది."

చేతుల గురించి ఎవరు ఏ వీడియో పెట్టినా కింద ఈ కామెంటు తప్పదు. పెట్టేవాళ్లది మంచి ఉద్దేశమే, కాదనను. కానీ నానా తిప్పలూ పడి ముప్పై నలభై కిలోలు తగ్గిన మనిషి, పెళ్లిలో చెయ్యెత్తి అక్షింతలు వెయ్యడానికి కూడా మొహమాటపడుతుంటే, ఆవిడకి ఈ మాట ఎలా వినిపిస్తుంది? "నువ్వు సరిగ్గా చెయ్యలేదు" అన్నట్టు. అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

నేను సర్జన్‌ని కాదు. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నర్సుగా చేశాను. ఆపరేషన్ తర్వాత కట్లు విప్పేది మేమే. అక్కణ్నించి కనిపించిందే చెప్తాను.

[చెయ్యి పక్కకి చాపి చూపించాలి]

ఇలా చెయ్యి భుజం ఎత్తుకి లేపి, మోచెయ్యి మడవండి. కింద వేలాడే భాగాన్ని రెండో చేత్తో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. వేళ్ల నిండా మందంగా దొరికితే అందులో కొవ్వు బాగానే ఉంది. పల్చగా, వేళ్లు దాదాపు ఒకదానికొకటి తగిలేలా ఉంటే అది ఉత్త చర్మం. ఇప్పుడు చెయ్యి గట్టిగా బిగించండి. బిగిసింది కండ. డంబెల్ పెంచేది దాన్నే. బిగించినా ఊగుతున్నది ఉంది చూశారా, దానికి డంబెల్‌తో పనే లేదు.

మీరు లావుగా ఉన్నప్పుడు కుట్టించుకున్న జాకెట్టు తీసి ఇప్పుడు వేసుకోండి. జాకెట్టు చెయ్యి లూజుగా వేలాడుతుంది. ఎన్ని సార్లు చెయ్యి ఊపితే ఆ గుడ్డ బిగుతవుతుంది? అవ్వదు. టైలర్ దగ్గరకి తీసుకెళ్లి, ఎక్కువైన గుడ్డ కత్తిరించి మళ్లీ కుట్టించాలి. ఆర్మ్ లిఫ్ట్ అంటే అదే. చర్మంలో సాగి మళ్లీ ముడుచుకునే పోగులుంటాయి. ఎలాస్టిన్ అంటారు. ఏళ్ల తరబడి సాగదీస్తే అవి తెగిపోతాయి, వయసుతో ఇంకా తగ్గుతాయి. క్రీములు రాసినా అవి తిరిగి అతుక్కోవు.

లైపోసక్షన్, అంటే గొట్టంతో కొవ్వు పీల్చేయడం, చేయించుకుంటే సరిపోదా అని అడుగుతారు. చర్మం ఇంకా బిగుతుగా ఉండి, లోపల కొవ్వే ఎక్కువైతే సరిపోతుంది. చర్మం సాగిపోయినవాళ్లకి మాత్రం అది జాకెట్టు అలాగే ఉంచి లోపలి చెయ్యిని ఇంకా సన్నం చెయ్యడం. మరింత వేలాడుతుంది. చాలాసార్లు సర్జన్లు రెండూ కలిపి చేస్తారు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గుడ్డ కత్తిరిస్తే కుట్టు పడుతుంది కదా. ఇక్కడా అంతే. చంక నుంచి మోచేతి దాకా, చేతి లోపలి వైపు గానీ వెనక వైపు గానీ, పొడుగ్గా ఒక గీత. బాగా ఎక్కువ బరువు తగ్గినవాళ్లకి చంక దాటి ఛాతీ పక్కకి కూడా దిగుతుంది. చంకలోనే దాగిపోయే చిన్న కోతతో చేసే పద్ధతీ ఉంది కానీ, అది కొంచెమే వదులైనవాళ్లకి. టైలర్ చంక దగ్గర ఒక చిన్న టక్కు వేసి సరిచేస్తే మోచేతి దగ్గరి లూజు పోతుందా? పోదు.

మొదటిసారి కట్టు విప్పగానే పేషెంట్లు చెయ్యి తిప్పి ఆ గీత చూస్తారు. ఎర్రగా, ఉబ్బి, దారాల గుర్తులతో ఉంటుంది. వెంటనే అడిగేది ఒకటే: "సిస్టర్, ఇది ఎప్పుడు పోతుంది?" పోదు. ఏడాది, ఏడాదిన్నరలో రంగు తగ్గి పల్చబడుతుంది, కానీ ఉంటుంది. మన ఛాయ చర్మాల్లో మచ్చ లావెక్కడం, కీలాయిడ్ (గాయం దాటి గడ్డలా పెరిగే మచ్చ) రావడం తెల్లవాళ్లలో కంటే ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోటో, టీకా వేసిన చోటో గడ్డలా పెరిగి ఉంటే డాక్టర్ అడగకపోయినా మీరే చూపించండి. ఈ సంగతి ముందే చెప్పకుండా "సన్నటి చేతులు" అని మాత్రమే ఊరించే రీల్స్ చూస్తే నాకు కోపం వస్తుంది. స్లీవ్‌లెస్ వేసుకోవాలని ఆపరేషన్‌కి వచ్చేవాళ్లు చాలామంది. చేతులు దించితే ముందు నుంచి పెద్దగా కనపడదు సరే, ఎత్తితే ఆ స్లీవ్‌లెస్‌లోనే గీత కనిపిస్తుంది. గీత ఉన్నా పర్లేదు, వేలాడేది పోతే చాలు అనిపిస్తేనే ముందుకెళ్లండి. మగవాళ్లకీ ఇదే మాట.

మరి ఎప్పుడు చేయించుకోవాలి? ఇంకా బరువు తగ్గుతూనే ఉన్నవాళ్లకి ఏ టైలరైనా కొలత తీసుకుంటాడా? కనీసం ఆరు నెలలు బరువు ఒక చోట నిలవాలి. బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి కడుపుకి చేసే ఆపరేషన్) అయినవాళ్లని మామూలుగా 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. వీళ్లకి ఒంట్లో ప్రోటీన్, ఐరన్, బీ12 తక్కువగా ఉండటం మామూలే, ఆ పరీక్షలు తప్పనిసరి. ప్రోటీన్ తక్కువైతే పుండు మానదు. సిగరెట్ ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందే ఆపాలి, తర్వాత కూడా ముట్టకూడదు. ఇంకా పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ఆగడం మంచిది, బరువు మళ్లీ మారుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు, రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఆఫీసు పని వారం, రెండు వారాల్లో. బరువులెత్తడం, జిమ్ నాలుగు నుంచి ఆరు వారాలు బంద్. బిందె ఎత్తడం, చంటిపిల్లని ఎత్తుకోవడం కూడా బరువే, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. బిగుతు గార్మెంట్ కొన్ని వారాలు వేసుకోవాలి. మన ఎండల్లో అది నరకం, వీలైతే చలికాలం చూసుకోండి.

నీరు చేరడం, చంక దగ్గర కుట్లు కొద్దిగా విడిపోవడం తరచుగా చూసేవే. మోచేతి లోపలి వైపు వెళ్లే స్పర్శ నరం దెబ్బతింటే ముంజేతిలో తిమ్మిరి ఉండిపోవచ్చు. మరీ ఎక్కువ చర్మం తీసేస్తే చంకలో పట్టేసిన జాకెట్టులా చెయ్యి పైకి లేవదు. రొమ్ము క్యాన్సర్‌కి చంకలో లింఫ్ గ్రంథులు తీయించుకున్నవాళ్లు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి, చెయ్యి వాచే ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత కాలు ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. అందం కోసం చేసే సర్జరీకి మన దేశంలో హెల్త్ పాలసీలు డబ్బివ్వవు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే రీకన్‌స్ట్రక్షన్‌కి మినహాయింపు ఉంటుంది. లేదంటే వైద్యపరంగా తప్పనిసరని డాక్టర్ రాసివ్వాలి.

సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ, ఈ డిగ్రీల్లో ఒకటి ఉందా చూడండి. "కాస్మెటిక్ స్పెషలిస్ట్" అన్న బోర్డు డిగ్రీ కాదు. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకోవచ్చు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఫోటోలు చూపిస్తే రెండు అడగండి: ఏడాది తర్వాత తీసినవి, చేతులు పైకెత్తి తీసినవి. చేతులు దించి తీసినవే ఉన్నాయంటే ఇంకో సర్జన్ దగ్గరకి కూడా వెళ్లి చూపించుకోండి.