పాటల ఫైళ్లకు లింటర్ ఎందుకు కావాలి

పెద్దలకు, టైపింగ్ పనిలో చేరిన పిల్లలకు నమస్కారం.

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ఇళ్లల్లో మిగిలిన పెళ్లిపాటలు, పాత ఉత్తరాలు, నాటకాల కరపత్రాలు మీరు మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఎక్కిస్తున్నారు. ఈ పనంటే నాకు చాలా గౌరవం. అది పదిమంది చేతుల్లో చెదిరిపోకుండా ఉండాలంటే లింటర్ కావాలి, అంటే ఫైళ్లలోని తప్పుల్ని తనంతట తానే వెతికి చూపే సాధనం. దాన్ని ఎలా వాడాలో చెప్పాలని వచ్చాను.

మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో శీర్షికలు, జాబితాలు చూపించే పద్ధతి మార్క్‌డౌన్. దాన్ని జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేశారు. నేర్చుకోవడం తేలిక, వెసులుబాటు ఎక్కువ. జాబితాకు నక్షత్రం పెట్టినా, అడ్డగీత పెట్టినా, ప్లస్ పెట్టినా నడుస్తుంది. ఒక్కరే రాస్తే ఏ ఇబ్బందీ లేదు. పదిమంది రాస్తే మాత్రం ఏ ఫైలుకు ఆ ఫైలే వేరుగా కనిపిస్తుంది. శీర్షికకు ముందు పెట్టే హ్యాష్ (#) తర్వాత ఖాళీ వదలకపోతే చాలా చోట్ల అది శీర్షిక కాకుండా మామూలు వాక్యమైపోతుంది. ఇలాంటివి కళ్లతో వెతికి పట్టుకోవడం మనిషి చేయాల్సిన పని కాదు.

లింట్ అనే పేరు 1978 నాటిది. సీ భాష ప్రోగ్రాముల్లో అనుమానాస్పదమైన చోట్లను పట్టుకోవడానికి బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసిన సాధనం అది. అదే పద్ధతిలో మార్క్‌డౌన్ కోసం మార్క్‌డౌన్‌లింట్ ఉంది. దాని నియమాలకు నంబర్లుంటాయి. ఇందాక చెప్పిన హ్యాష్ తప్పును ఎండీ018 పట్టుకుంటుంది. ఏ నియమం కావాలో, ఏది వద్దో ఒక చిన్న సెట్టింగుల ఫైల్లో రాసి పెట్టుకోవచ్చు.

ఆ సెట్టింగులు తెలుగుకు తగ్గట్టు మనమే మార్చుకోవాలి. వరుస పొడవు 80 దాటకూడదని ఎండీ013 అంటుంది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ లెక్కలో ఆరు. ఆ నియమం మనకు పనికిరాదు, తీసేయండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి పాటలు. మార్క్‌డౌన్‌లో ఎంటర్ నొక్కినంత మాత్రాన పాదం విడిపోదు, రెండు పాదాలూ కలిసి ఒకే వాక్యంలా వస్తాయి. విడగొట్టడానికి పాదం చివర రెండు ఖాళీలు వదలడం పాత అలవాటు. అవి కంటికి కనబడవు, పైగా కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు వాటిని తుడిచేస్తాయి. నా మాట వింటే పాదం చివర బ్యాక్‌స్లాష్ (\) పెట్టండి, అది కనబడుతుంది. ఆ తర్వాతే వరుస చివరి ఖాళీలన్నిటినీ తప్పుగా చూపమని ఎండీ009ను మార్చండి. ఈ క్రమం తిరగేసి, తప్పుల్ని తనే దిద్దే ఆటోమేటిక్ ఫిక్స్ ముందే నడిపితే, అమ్మమ్మ పాట మొత్తం ఒకే పేరాగా ముద్దయిపోతుంది.

ఇక మన సరిహద్దుకే ప్రత్యేకమైన తప్పులు. ఒడియా మీడియంలో చదివిన పిల్లలు తెలుగు వాక్యం చివర కూడా చుక్కకు బదులు నిలువు గీత పెడతారు. అది చదువు వల్ల వచ్చిన అలవాటు, దాని మీద ఎవరినీ ఏమీ అనకండి. సున్నతోనే అసలు టెన్షన్. తెలుగు సున్న అంకె, ఒడియా సున్న అంకె రెండూ కంటికి మన అనుస్వారంలాగే ఉంటాయి. "గంగ"లో అనుస్వారానికి బదులు అంకె పడితే చదివేవాళ్లకు తేడా తెలియదు, వెతికితే మాత్రం ఆ పాట దొరకదు. మార్క్‌డౌన్‌లింట్‌కు సొంత నియమాలు జోడించే వీలుంది. తెలుగు అక్షరం పక్కన సున్న అంకె, తెలుగు వాక్యంలో నిలువు గీత, ఈ రెండూ మనం రాసుకోవాల్సిన మొదటి నియమాలు.

లింటర్ గుర్తుల దగ్గర ఆగాలి, మాట జోలికి పోకూడదు. గిడుగు రామమూర్తి దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన ఊరు ఈ పర్లాకిమిడి. జనం మాట్లాడే భాషకు రాతలో చోటుండాలని పోరాడిన మనిషి ఆయన. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరాక కూడా ఇక్కడి ఇళ్లల్లో "ఏటి", "గుంటడు", "ఒగ్గేయ్" అనే మాటలు నిలిచే ఉన్నాయి. వాటిని దిద్దే నియమం ఎవరైనా ప్రతిపాదిస్తే ఒప్పుకోకండి. పాత కరపత్రాల్లోని అరసున్న, బండి ఱ కూడా ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. అలాంటి చోట సొంత నియమాలు అడ్డొస్తే, ఆ భాగానికి మాత్రం తనిఖీ ఆపమని ఫైల్లోనే ఒక వ్యాఖ్య రాయవచ్చు.

మీలో చాలామంది ఫోన్ల మీదే టైప్ చేస్తారు. వాళ్లని ఏదీ ఇన్‌స్టాల్ చేయమని అడగొద్దు. ఫైలు పంపగానే సర్వర్లోనే తనిఖీ నడిచేలా పెట్టి, తప్పు ఏ వరుసలో ఉందో తెలుగులో చెప్పే సందేశం రాయండి. ఆ సందేశాల మాటలు ఇప్పుడే కూర్చుని కలిసి రాద్దాం.