కరిగే గుణమే పనితనమైన చోట: ఫ్లో బ్యాటరీ అణువులు, సెక్షన్ 3(డి)

(రసాయనశాస్త్ర పరిశోధక విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పేటెంట్ చట్టం మొత్తం ఒక గంటలో చెప్పడం నా వల్ల కాదు, మీకూ అవసరం లేదు. ఒక్క సెక్షన్, ఒక్క కుటుంబం అణువులు తీసుకుంటాను. తెలిసిన పదార్థానికే కొత్త రూపమో కొత్త ఉపయోగమో చూపి పేటెంట్ అడిగితే అడ్డుపడే సెక్షన్ 3(డి), ఆంత్రాక్వినోన్లు అనే కర్బన అణువులు. 3(డి) అనగానే అందరికీ నొవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు కేసు గుర్తొస్తుంది. ఆ కేసులో మందులకు పెట్టిన కొలతనే తెచ్చి బ్యాటరీ ద్రావణాలకూ పెడితే తప్పవుతుందని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను.

ముందు బ్యాటరీ సంగతి. ఫ్లో బ్యాటరీలో శక్తి రెండు ట్యాంకుల్లోని ద్రావణాల్లో ఉంటుంది. పంపులు ఆ ద్రావణాలను సెల్ గుండా తిప్పుతాయి, మధ్యలో ఒక పొర ఉంటుంది. ఇంకా ఎక్కువ గంటలు కరెంటు కావాలంటే ట్యాంకులు పెద్దవి కట్టుకుంటే చాలు. పగటి సోలార్ కరెంటును రాత్రికి దాచుకోవడానికి ఇది బాగా సరిపోయే పద్ధతి. ఇప్పటిదాకా ఎక్కువగా నిలదొక్కుకున్నది వెనేడియం రకం. 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మరియా స్కిల్లాస్-కజాకోస్ బృందం దాన్ని తయారుచేసింది, 1988లో అమెరికా పేటెంట్ వచ్చింది. 2022లో చైనాలోని దాలియన్‌లో 400 మెగావాట్-గంటల వెనేడియం బ్యాటరీ గ్రిడ్‌కి కలిసింది. కానీ వెనేడియం ఖరీదైన లోహం, దాని ధర నిలకడగా ఉండదు. అందుకే కర్బన అణువుల వేట మొదలైంది.

2014 జనవరిలో హార్వర్డ్‌లోని మైఖేల్ అజీజ్ బృందం ఆంత్రాక్వినోన్ డైసల్ఫోనిక్ ఆమ్లాన్ని ఒకవైపు, బ్రోమిన్‌ని మరోవైపు పెట్టి బ్యాటరీ నడిపింది. ఆ ఆమ్లాన్ని అందరూ ఏక్యూడీఎస్ అంటారు. మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయం నుంచి క్షార ద్రావణంలో పనిచేసే బ్యాటరీ వచ్చింది. అందులో ఒకవైపు 2,6-డైహైడ్రాక్సీ ఆంత్రాక్వినోన్, ఇంకోవైపు ఫెర్రోసయనైడ్. దీన్ని డీహెచ్ఏక్యూ అందాం. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, మన కథంతా వీటి చుట్టూనే.

ఇప్పుడు ఇలాంటి అణువు మీద దరఖాస్తు చెన్నై పేటెంట్ ఆఫీసుకు వచ్చిందనుకోండి. ఆంధ్ర, తెలంగాణల దరఖాస్తులు వెళ్ళేది అక్కడికే. దాన్ని పరీక్షించే అధికారి, అంటే ఎగ్జామినర్, మొదట చేసే పని అణువు నిర్మాణం గీసి పాత పత్రాల్లో వెతకడం. పేటెంట్ల వర్గీకరణలో బ్యాటరీల వైపు హెచ్01ఎం 8/18 అనే వర్గం చూస్తారు. అక్కడితో ఆపితే పని సగమే అయినట్టు. క్వినోన్లు సి07సి 50లో ఉంటాయి, సల్ఫోనిక్ ఆమ్లాలు సి07సి 309లో ఉంటాయి. అసలు నిధి అక్కడ ఉంది, ఎందుకంటే ఆంత్రాక్వినోన్లు బ్యాటరీల్లోకి వచ్చి పదేళ్ళు దాటిందంతే, రంగుల పరిశ్రమలో మాత్రం 150 ఏళ్ళకు పైగా ఉన్నాయి.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఈ చరిత్ర నాకు చాలా ఇష్టం. మచిలీపట్నం కలంకారీ ఎరుపుకి చిరివేరు వాడేవాళ్ళు కదా. ఆ వేరులో ఉన్న రంగు పదార్థం అలిజరిన్, అంటే 1,2-డైహైడ్రాక్సీ ఆంత్రాక్వినోన్. యూరప్‌లో మాడర్ మొక్క వేరులో ఉన్నదీ అదే. 1868లో గ్రేబె, లీబర్మన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి ఏడాది జూన్ 25న బీఏఎస్ఎఫ్ తరఫున, 26న విలియం పెర్కిన్ తరఫున లండన్‌లో పేటెంట్ దరఖాస్తులు పడ్డాయి. ఒక్క రోజు తేడా! ఆ తయారీలో మెట్టుగా ఆంత్రాక్వినోన్‌కి సల్ఫోనిక్ సమూహాలు తగిలించేవారు. అంటే ఏక్యూడీఎస్ వంశంలోని అణువులు అప్పటికే ఫ్యాక్టరీల్లో పుడుతున్నాయి. ఇక మన డీహెచ్ఏక్యూ ఎవరు? అలిజరిన్‌కి ఐసోమర్, అంటే అవే పరమాణువులు, అమరిక వేరు. పాత రంగుల పుస్తకాల్లో ఆంత్రాఫ్లావిక్ ఆమ్లం పేరుతో కనిపించేది అదే. కొత్త పేరుతో మాత్రమే వెతికితే దొరకదు.

కాబట్టి ఏక్యూడీఎస్ అనే పదార్థం నాదే అని ఎవరూ క్లెయిమ్, అంటే హక్కు కోరే వాక్యం, రాయలేరు. పోనీ బ్యాటరీలో దాని వాడకం నాది అనొచ్చా? యూరప్‌లో వాడకం మీద క్లెయిమ్ రాయడానికి చోటుంది. మన దగ్గర లేదు. తెలిసిన పదార్థానికి కొత్త గుణం కనుక్కోవడం, కొత్త ఉపయోగం కనుక్కోవడం ఆవిష్కరణ కాదని 3(డి) స్పష్టంగా చెబుతుంది. మిగిలే దారి బ్యాటరీనే క్లెయిమ్ చేయడం: రెండు ట్యాంకులు, పొర, ఇటు ఈ అణువు ఈ గాఢతలో, అటు ఆ అణువు, ద్రావణం పీహెచ్ ఇంత అని. దీన్ని కూడా ఉపయోగమే అని కొట్టేయాలనిపించే ఎగ్జామినర్లు ఉంటారు. నా అభిప్రాయంలో అది సరికాదు. బ్యాటరీ ఒక వస్తువు. దాన్ని కొత్తదనం దగ్గర, ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం తెలిసినవాళ్ళకు తేలిగ్గా తట్టనిది కావడం) దగ్గర పరీక్షించాలి. 2014 తర్వాత వచ్చిన దరఖాస్తులకు ఆ రెండో పరీక్షే చాలా కఠినంగా ఉంటుంది, ఉండాలి కూడా.

అసలు చిక్కు కొత్త అణువుల దగ్గర వస్తుంది. 3(డి)కి 2005లో ఒక వివరణ చేర్చారు. తెలిసిన పదార్థం తాలూకు లవణాలు, ఎస్టర్లు, ఈథర్లు, ఐసోమర్లు, మిశ్రమాలు, ఇతర ఉత్పన్నాలు అన్నీ ఆ పదార్థమే అని భావించాలి, సామర్థ్యంలో గణనీయమైన తేడా ఉంటే తప్ప. ఆ జాబితా చదువుతుంటే ఫ్లో బ్యాటరీ కెమిస్టులు రోజూ చేసే పనుల జాబితాలా ఉంటుంది. ఎందుకంటే మన పని అంతా ఉన్న చట్రానికి కొత్త తోక తగిలించడమే.

ఉదాహరణ చెప్తాను. డీహెచ్ఏక్యూ బ్యాటరీ నెమ్మదిగా చచ్చిపోతుంది. ఎలక్ట్రాన్లు తీసుకున్న స్థితిలో అది ఆంత్రోన్ అనే వేరే పదార్థంగా మారుతుంది, రెండు ఆంత్రోన్లు అతుక్కుపోతే ఇక తిరిగి రావు. 2018లో హార్వర్డ్ వాళ్ళే ఆ రెండు హైడ్రాక్సీ సమూహాలకూ కార్బాక్సిలేట్ ఉన్న పొడవాటి గొలుసులు కట్టారు. దాని పేరు డీబీఈఏక్యూ. పీహెచ్ 12 దగ్గర పాతదానికంటే ఆరు రెట్లు ఎక్కువ కరిగింది, కెపాసిటీ తరుగుదల రోజుకు 0.01 శాతం కంటే తక్కువని వాళ్ళు రాశారు. రసాయనపరంగా ఇది ఏమిటి? డీహెచ్ఏక్యూ ఈథర్. వివరణలో ఈథర్ అన్న మాట అచ్చంగా ఉంది. కాబట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి. ప్రశ్న దానికి ఏం జవాబు చెప్తామన్నది.

సరిగ్గా ఇక్కడే 2013 ఏప్రిల్ 1 నాటి సుప్రీంకోర్టు నొవార్టిస్ తీర్పును సగమే చదివి ఆపేస్తారు. ఇమాటినిబ్ మెసిలేట్ అనే ఆ క్యాన్సర్ మందు బీటా స్ఫటిక రూపం మెరుగ్గా జారుతుంది, ఎక్కువ స్థిరంగా ఉంటుంది, తేమ తక్కువ పీలుస్తుంది అని కంపెనీ వాదించింది. అవి మందు పనితనానికి సంబంధించినవి కావని కోర్టు పక్కన పెట్టింది. ఇంతవరకే చదివినవాళ్ళు కరిగే గుణం, స్థిరత్వం ఎప్పుడూ లెక్కలోకి రావనుకుంటారు. అదే తీర్పులో అంతకుముందు మెట్టు ఒకటుంది. సామర్థ్యం అంటే ఆశించిన ఫలితాన్ని ఇవ్వగలగడం, కాబట్టి దాన్ని కొలిచే పద్ధతి ఆ వస్తువు ఏ పనికోసం ఉందో దాన్ని బట్టి మారుతుందని కోర్టు చెప్పింది. మందు రోగం తగ్గించాలి గనుక అక్కడ చికిత్సా సామర్థ్యమే కొలత. మరి ఫ్లో బ్యాటరీ అణువు ఏం చేయాలి? లీటరులో ఎక్కువ చార్జి పట్టాలి, ఏళ్ళ తరబడి విరగకుండా ఉండాలి. ఇక్కడ కరిగే గుణమూ స్థిరత్వమే అసలు పని. మందుల దగ్గర పక్కన పెట్టిన గుణాలే ఇక్కడ సామర్థ్యం అవుతాయి.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. 2023లో మద్రాసు హైకోర్టు నొవోజైమ్స్ కేసులో ఫైటేజ్ ఎంజైము గురించి ఈ దారిలోనే ఆలోచించింది. అది పశువుల దాణాలో వాడేది. 3(డి) మందులకే పరిమితం కాదని చెబుతూనే, దాణా తయారీ వేడికి తట్టుకునే గుణాన్ని ఆ ఎంజైము సామర్థ్యంగా చూసింది. చెన్నైలో దరఖాస్తు వేసేవాళ్ళకు ఈ తీర్పు చాలా ముఖ్యం.

ఇప్పుడు లవణాల సంగతి. ఏక్యూడీఎస్ సోడియం లవణం నీళ్ళలో సుమారు 0.58 మోలార్ (లీటరుకు మోల్‌ల లెక్క) వరకే కరుగుతుంది. 2019లో యూటా స్టేట్ విశ్వవిద్యాలయం బృందం అమ్మోనియం లవణం వాడితే అది 1.9 మోలార్‌కి చేరింది. ఒక్కో అణువు రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది కాబట్టి లెక్క ప్రకారం లీటరుకు 31 ఆంపియర్-గంటల నుంచి దాదాపు 102కి పెరిగినట్టు. ట్యాంకు మూడో వంతుకు తగ్గుతుంది. దీన్ని గణనీయమైన తేడా కాదని ఎవరు అనగలరు? అయితే రెండు జాగ్రత్తలు. క్షార ద్రావణంలో అమ్మోనియం అమ్మోనియాగా ఎగిరిపోతుంది కాబట్టి క్లెయిమ్‌లో తటస్థ పీహెచ్ అని హద్దు రాయాలి. రెండోది, 3(డి) దాటడమూ ఇన్వెంటివ్ స్టెప్ దాటడమూ వేరు. లవణంలో ధన అయాన్ మార్చి చూడటం కెమిస్టు మామూలుగా చేసే పనే అంటే దానికి వేరే జవాబు సిద్ధంగా ఉండాలి.

అంకెల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, మీ దరఖాస్తులు ఎక్కువగా నలిగేది ఇక్కడే. సైకిల్‌కి 99.99 శాతం కెపాసిటీ నిలిచింది అని రాస్తారు. వినడానికి ఎంతో బాగుంటుంది. ఒక్కో సైకిల్ పది నిమిషాలదైతే రోజుకు 144 సైకిళ్ళు. అంటే రోజుకు సుమారు 1.4 శాతం పోతోంది. నెల తిరిగేసరికి మూడో వంతుకు పైగా పోతుంది. కర్బన అణువుల్లో చాలావాటికి నష్టం కాలాన్ని బట్టి జరుగుతుంది, ఎన్నిసార్లు చార్జి చేశామన్నదాన్ని బట్టి కాదు. కాబట్టి తరుగుదలను రోజుల లెక్కన ఇవ్వండి. పాత అణువునీ కొత్త అణువునీ ఒకే గాఢత, ఒకే పీహెచ్, ఒకే ఉష్ణోగ్రత, ఒకే చార్జి స్థాయి దగ్గర పక్కపక్కన పెట్టి కొలవండి. రెండు వైపులా అదే అణువు పెట్టి సిమెట్రిక్ సెల్ నడిపితే పొర లీకేజీ ఎంత, అణువు విరగడం ఎంత అన్నది విడిగా తెలుస్తుంది. ఎగ్జామినర్లు కూడా ఈ ప్రశ్నలే అడగాలి. సైకిల్ అంకె చూసి తృప్తిపడటం న్యాయం కాదు, పేటెంట్ పేరుతో ఇరవై ఏళ్ళు దారి మూసుకుపోయేది మిగతా అందరికీ.

ఈ డేటా ఎప్పుడు కావాలి? దరఖాస్తు వేసే రోజుకే. సెక్షన్ 59 ప్రకారం మొదటి స్పెసిఫికేషన్‌లో, అంటే దరఖాస్తుతో ఇచ్చిన వివరణ పత్రంలో, లేని విషయాన్ని తర్వాత సవరణగా చేర్చలేరు. ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చాక జవాబుకి ఆరు నెలలు, అడిగితే ఇంకో మూడు నెలలు. అప్పుడు సెల్ కట్టి పరుగులు పెట్టడం అనవసరమైన టెన్షన్. పైగా 2024 నియమాలతో పరీక్ష కోసం అడిగే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది.

మార్కుష్ క్లెయిముల గురించి, అంటే ఒకే సూత్రంలో ఎన్నో ప్రత్యామ్నాయ సమూహాలు రాసే క్లెయిముల గురించి, క్లుప్తంగా. 1924లో యూజీన్ మార్కుష్ అమెరికాలో తీసుకున్న పేటెంట్ వల్ల ఆ పేరు వచ్చింది, అదీ రంగుల మీదే. అణువు మీద ఆర్1 నుంచి ఆర్8 దాకా ఉన్న స్థానాల్లో ఏదైనా పెట్టుకోవచ్చని రాస్తే కోట్ల అణువులు ఒక్క వాక్యంలో ఇరుక్కుంటాయి. చేసి చూసినవి మూడో నాలుగో. ఈ రంగంలో అది ప్రమాదకరం, ఎందుకంటే సమూహం ఒక స్థానం జరిగితే చాలు, కరగడం, వోల్టేజీ, ఆయుష్షు అన్నీ మారిపోతాయి. చేసి కొలిచిన వాటి చుట్టూ ఎంత సమంజసమో అంతే అడగండి.

మరో కొత్త సమస్య కంప్యూటర్ లెక్కలు. 2015లోనే 1,710 క్వినోన్ జంటల గుణాలను లెక్కగట్టి ప్రచురించారు. తయారుచేసే దారి చూపకుండా ఒక పట్టికలో నిర్మాణం ఉన్నంత మాత్రాన ఆ అణువు కొత్తదనం పోయిందనడం నాకు కష్టంగా తోస్తుంది. కానీ ఆ పట్టికలో ఫలానా స్థానంలో ఫలానా సమూహం పెడితే వోల్టేజీ పెరుగుతుందని ఉంటే, అదే చేసి వోల్టేజీ పెరిగిందని వచ్చినవాళ్ళు ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర ఆగిపోతారు. ఆ పట్టిక చెప్పలేనిది అణువు ఎలా విరుగుతుందో. 2019లో ఆంత్రోన్ సంగతి బయటపెట్టినవాళ్ళు గాలి పంపితే ఆంత్రోన్‌లో కొంత మళ్ళీ డీహెచ్ఏక్యూగా మారుతుందని కూడా చూపించారు. అలాంటిది ముందుగా కనిపెడితే బ్యాటరీ నడిపే పద్ధతిగా క్లెయిమ్ చేయొచ్చు, అక్కడ అణువు పాతదా కొత్తదా అన్న గొడవే ఉండదు. కాబట్టి మీ సెల్ పాడైనప్పుడు ఆ ద్రావణం పారబోయకండి. అణువు నిర్మాణం చూపే ఎన్ఎంఆర్ పరీక్షకి పంపండి, విరిగిన ముక్క ఏమిటో నోటుబుక్‌లో తేదీతో రాయండి, ఆ పేపరు జర్నల్‌కి పంపేముందు దరఖాస్తు వేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.