లాగిన్ అయింది, మరి టేబుల్ ఎందుకు చదవనివ్వడం లేదు? హెచ్2 డేటాబేస్‌లో గుర్తింపు, రోల్స్

నమస్కారం. జావా ప్రాజెక్టుల్లో హెచ్2 డేటాబేస్ వాడేవారి నుంచి ఒకే ఫిర్యాదు నాకు పదే పదే వినిపిస్తోంది. "ఉద్యోగుల లాగిన్ వివరాలుండే కంపెనీ ఎల్‌డ్యాప్ సర్వర్‌కు కలిపాం, లాగిన్ కూడా అవుతోంది, కానీ టేబుల్ చదవడానికి సెలెక్ట్ రాయగానే 90096 ఎర్రర్ వస్తోంది, కాబట్టి ఎల్‌డ్యాప్ సరిగ్గా పనిచేయడం లేదు" అంటారు. ఇందులో "కాబట్టి" తరువాత ఉన్న ముక్కే నాకు చిరాకు తెప్పిస్తుంది. 90096 అంటే తగినన్ని హక్కులు లేవని అర్థం. యూజర్ పేరో పాస్‌వర్డో తప్పయి ఉంటే 28000 వచ్చి ఉండేది. అంటే ఎల్‌డ్యాప్ తన పని చక్కగా ముగించింది. మిగిలిపోయింది ఆ తరువాతి పని, దాన్ని మీరు ఎవరికీ అప్పగించలేదు.

రైలు ప్రయాణాన్ని తీసుకోండి. టీటీఈ వచ్చి గుర్తింపు కార్డు అడిగితే మీరు ఆధార్ చూపిస్తారు. ఆ కార్డు రైల్వే ఇచ్చింది కాదు, అయినా రైల్వే దాన్ని నమ్ముతుంది. అయితే ఆధార్ ఉన్నంత మాత్రాన ఎవరికీ బెర్తు రాదు, ఎందుకంటే బెర్తు సంగతి చెప్పేది కార్డు కాదు, చార్టు. హెచ్2లో ఈ రెండింటికీ రెండు వేర్వేరు ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి. కార్డు నిజమైనదో కాదో చెప్పేది క్రెడెన్షియల్స్ వ్యాలిడేటర్, దాని జవాబు అవును లేదా కాదు మాత్రమే. చార్టు చదివేది యూజర్ టు రోల్స్ మ్యాపర్, అది రోల్స్ పేర్ల, అంటే హక్కుల మూటల పేర్ల, జాబితాను ఇస్తుంది. ఈ రెండింటినీ వరుసగా పిలిచే ఆథెంటికేటరే మన టీటీఈ. 2019లో విడుదలైన 1.4.198 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఇంత చిన్న డేటాబేస్‌లో ఈ రెండు పనులను ఇంత శుభ్రంగా విడదీయడం నాకు ఎంతో నచ్చిన విషయం. పెద్ద ఉత్పత్తులు చాలా వాటిలో ఇవి ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి.

ఇప్పుడు కార్డు తనిఖీని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇక్కడ చాలామంది గమనించని ఒక చిక్కు ఉంది. మామూలుగా హెచ్2లో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా సర్వర్‌కు చేరనే చేరదు. యూజర్ పేరు, మధ్యలో @ గుర్తు, ఆపైన పాస్‌వర్డ్, ఈ మూడింటినీ కలిపి క్లయింటు తన దగ్గరే షా-256తో హ్యాష్ చేసి, అంటే వెనక్కి రాబట్టలేని సంకేతంగా మార్చి, పంపుతుంది. సర్వర్ ఆ హ్యాష్‌కు 64 బిట్ల సాల్ట్‌ను, అంటే యాదృచ్ఛిక విలువను, చేర్చి, మళ్ళీ హ్యాష్ చేసి, తాను దాచుకున్న విలువతో పోల్చి చూస్తుంది. సొంత యూజర్ల విషయంలో ఇది మంచి పద్ధతే. కానీ ఎల్‌డ్యాప్‌కు ఈ హ్యాష్‌తో పని లేదు, దానికి అసలు పాస్‌వర్డే కావాలి. అందుకే కనెక్షన్ యూఆర్ఎల్‌లో ఆథ్‌రెల్మ్ అనే సెట్టింగ్ కనిపించినప్పుడు, డ్రైవర్ అసలు పాస్‌వర్డ్‌ను కూడా విడిగా దాచి ముందుకు పంపుతుంది. అయితే అలా పంపేది రెండే సందర్భాల్లో: డేటాబేస్ అదే జావా ప్రాసెస్‌లో లేదా అదే యంత్రంలోని ఫైలుగా తెరిచినప్పుడు, లేదా దూరపు సర్వర్‌తో కనెక్షన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో ఉన్నప్పుడు. మామూలు టీసీపీ యూఆర్ఎల్‌తో వెళ్తే ఎల్‌డ్యాప్‌కు చూపించడానికి సర్వర్ చేతిలో ఏమీ ఉండదు, పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కాదు. దీన్ని లోపమనే వారున్నారు గానీ నా దృష్టిలో ఇది సరైన నిర్ణయం. ఉద్యోగి మెయిల్‌కూ జీతం పోర్టల్‌కూ వాడే పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద బట్టబయలుగా ప్రయాణించకూడదు.

రెల్మ్ అంటే ఏ కార్డు చూపిస్తున్నారో చెప్పే పేరు. ఆధార్, పాస్‌పోర్టు, ఓటరు కార్డు ఇచ్చేవారు వేర్వేరు గనుక, ఒకే పేరున్న ఇద్దరు వేర్వేరు కార్డులతో రావచ్చు. హెచ్2 ఈ గందరగోళాన్ని పేరులోనే పరిష్కరిస్తుంది: యూజర్ పేరు వెనుక @ గుర్తు, దాని వెనుక పెద్ద అక్షరాల్లో రెల్మ్ పేరు చేర్చి, ఆ మొత్తాన్నీ డేటాబేస్‌లోని యూజర్ పేరుగా వాడుకుంటుంది. అలా మొదటిసారి వచ్చిన మనిషికి యూజర్ ఎంట్రీ లేకపోతే, రిజిస్ట్రేషన్‌కు అనుమతి ఉన్న పక్షంలో తానే సృష్టిస్తుంది. ఆ ఎంట్రీలో పాస్‌వర్డ్ హ్యాష్ స్థానంలో యాదృచ్ఛిక బైట్లను నింపుతుంది గనుక, అతను ఎప్పుడు వచ్చినా బయటి తనిఖీ ద్వారానే రావాలి. టీటీఈ మీ పేరు రాసుకుంటారు గానీ మీ కార్డు నకలును జేబులో పెట్టుకోరు కదా.

తెర మీద ఉన్న ఎక్స్‌ఎంఎల్ కాన్ఫిగరేషన్‌ను చూడండి. పైన రెల్మ్, దానికి ఎల్‌డ్యాప్ వ్యాలిడేటర్ క్లాసు, హోస్టు పేరు, బైండ్ డీఎన్ నమూనా (ఎల్‌డ్యాప్‌లో లాగిన్‌కు, అంటే బైండ్‌కు, వాడే పూర్తి పేరు రూపం) ఉన్నాయి. ఆ నమూనాలో శాతం గుర్తు పక్కన యూ అక్షరం ఉన్నచోట లాగిన్ పేరు వచ్చి కూర్చుంటుంది. సెక్యూర్ అనే లక్షణం మీరు రాయకపోయినా నిజమనే లెక్క, అప్పుడు పోర్టు 636. వద్దని రాస్తే 389. ఇంతవరకు అందరూ సరిగ్గానే రాస్తారు. తరువాత రావలసిన మ్యాపర్ వరుసనే వదిలేస్తారు.

అసలు చార్టు ఇక్కడ మొదలవుతుంది. హెచ్2తో పాటు వచ్చే మ్యాపర్లలో ఒకటి రెల్మ్ పేరునే రోల్‌గా ఇస్తుంది, అంటే @ గుర్తుతో మొదలయ్యే రెల్మ్ పేరు. మరొకటి మీరు కాన్ఫిగరేషన్‌లో రాసిన స్థిరమైన రోల్స్‌ను వచ్చిన ప్రతివారికీ ఇస్తుంది. మీ ఎల్‌డ్యాప్‌లో ఎన్ని గ్రూపులున్నా ఈ రెండూ వాటి వైపు కన్నెత్తి చూడవు. "అకౌంట్స్ గ్రూపులో ఉన్నాను, అకౌంట్స్ టేబుళ్ళు ఎందుకు రావు" అన్న ప్రశ్నకు జవాబు ఇదే: ఆ గ్రూపు సంగతిని చార్టులోకి ఎక్కించేవారు ఎవరూ లేరు.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటి ఉంది. మ్యాపర్ ఒక రోల్ పేరు ఇచ్చిందనుకోండి, ఆ పేరుతో డేటాబేస్‌లో రోల్ లేదనుకోండి. హెచ్2 ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరించదు, నిశ్శబ్దంగా వదిలేసి ముందుకు పోతుంది. చార్టులో మీ బెర్తు ఎస్7 అని ఉంది, రైలుకు ఎస్7 పెట్టెనే తగిలించలేదు, టీటీఈ మాత్రం మీ కార్డు చూసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. దీనికి మందుగా లేని రోల్స్‌ను సృష్టించే సెట్టింగ్‌ను కొందరు ఆన్ చేస్తారు. అప్పుడు ఎస్7 పెట్టె వస్తుంది గానీ అందులో ఒక్క బెర్తు కూడా ఉండదు, ఎందుకంటే కొత్తగా పుట్టిన రోల్‌కు ఏ టేబుల్ మీదా హక్కు ఉండదు. 90096 మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. కాబట్టి ఆ సెట్టింగ్ జోలికి వెళ్ళకుండా, అడ్మిన్‌గా క్రియేట్ రోల్, గ్రాంట్ ఆదేశాలను ముందే నడిపి ఉంచడం మేలు. @ గుర్తుతో మొదలయ్యే రోల్ పేరును జంట కొటేషన్ గుర్తుల మధ్య రాయాలని మరవకండి.

చార్టు ప్రతి ప్రయాణానికీ కొత్తదే. ప్రతి లాగిన్‌లోనూ హెచ్2 ముందుగా ఆ యూజర్‌కు మ్యాపర్ల ద్వారా లోగడ వచ్చిన తాత్కాలిక రోల్స్‌ను తీసివేసి, మ్యాపర్లను మళ్ళీ అడిగి, కొత్త జాబితాను తగిలిస్తుంది. మీరు చేత్తో గ్రాంట్ చేసిన రోల్స్ ఈ ఊడ్పులో పోవు. దీని వల్ల ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. గ్రూపులను చదివే మ్యాపర్ మీ దగ్గర ఉంటే, బదిలీ అయిన ఉద్యోగి తరువాతి లాగిన్‌లో పాత రోల్‌ను తనంతట తానే కోల్పోతాడు. అయితే కనెక్షన్ పూల్‌లో, అంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవడానికి తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపులో, రోజుల తరబడి తెరిచి ఉన్న కనెక్షన్‌కు తరువాతి లాగిన్ అంటూ ఉండదు, దాని మాటకొస్తే ఎల్‌డ్యాప్‌ను ఎవరూ మళ్ళీ అడగరు. పూల్‌లోని కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షును తగ్గించుకోవడమే దీనికి సులువైన దారి.

సమయం దగ్గర పడుతోంది గనుక మిగిలినవి వేగంగా చెబుతాను. గ్రూపుల మ్యాపర్‌ను మీరే రాయాలి. అది పెద్ద పనేమీ కాదు, రోల్ పేర్లను తిరిగి ఇచ్చే ఒకే ఒక ముఖ్య మెథడ్ ఉంటుంది. వ్యాలిడేటర్ తాను నిర్ధారించిన గుర్తింపును, అంటే ఎల్‌డ్యాప్ అయితే డీఎన్‌ను, జావా సొంత లాగిన్ ఏర్పాటైన జాస్ అయితే సబ్జెక్ట్‌ను, ఆథెంటికేషన్ సమాచారంలోనే ఉంచి పోతుంది గనుక, మ్యాపర్ దాన్ని తీసుకుని గ్రూపులు వెతుక్కోవచ్చు. వ్యాలిడేటర్‌ను కూడా మీరే రాసుకుంటే, ఖాళీ పాస్‌వర్డ్‌ను ఎల్‌డ్యాప్ దాకా వెళ్ళనివ్వకండి. ఎల్‌డ్యాప్ ప్రామాణిక పత్రమైన ఆర్ఎఫ్‌సీ 4513 ప్రకారం పేరు ఉండి పాస్‌వర్డ్ లేని బైండ్‌ను కొన్ని సర్వర్లు ఆమోదిస్తాయి, మీ కోడ్ దాన్ని సరైన లాగిన్ అనుకుంటుంది.

ఇదంతా మొదలయ్యేది అడ్మిన్ నడిపే సెట్ ఆథెంటికేటర్ ట్రూ అనే ఆదేశంతో. అది నడపకుండా ఆథ్‌రెల్మ్‌తో వస్తే 90144 కనిపిస్తుంది. హెచ్2లో అడ్మిన్ అనేది రోల్ కాదు, యూజర్‌కు ఉండే లక్షణం, కాబట్టి ఏ మ్యాపర్ కూడా రోల్ ఇచ్చి ఎవరినీ అడ్మిన్‌ను చేయలేదు. డేటాబేస్‌లోనే పాస్‌వర్డ్ ఉన్న ఒక స్థానిక అడ్మిన్ యూజర్‌ను తప్పనిసరిగా అట్టిపెట్టుకోండి.

ఇతర జావా డేటాబేస్‌ల గురించి రెండు ముక్కలు. హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీలో కార్డు, చార్టు రెండింటినీ ఒకే ఫంక్షన్‌కు అప్పగించారు. అది రోల్స్ జాబితా ఇస్తే అవే వర్తిస్తాయి, నల్ ఇస్తే స్థానికంగా ఉన్న హక్కులు వర్తిస్తాయి, ఎక్సెప్షన్ విసిరితే ప్రవేశం లేదు. డెర్బీలో మీరు రాసే క్లాసు అవును, కాదు అని మాత్రమే చెబుతుంది. రోల్స్ 10.5 వెర్షన్ నుంచి ఉన్నా వాటిని గ్రాంట్ ద్వారానే ఇవ్వాలి, పైగా కనెక్షన్ మొదలైనప్పుడు ఏ రోల్ కూడా అమల్లో ఉండదు గనుక సెట్ రోల్ ఆదేశాన్ని మీ అప్లికేషనే నడపాలి.