ఊరి ఫ్రీక్వెన్సీలో ఊరి గొంతు ఏది?

నమస్కారమండి. ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియోలో ఊరి కార్యక్రమాలు తగ్గిపోవడం గురించి మాట్లాడమన్నారు. హైదరాబాద్ జోలికి వెళ్ళను. అక్కడ స్టేషన్లు చాలా ఉన్నాయి, యాడ్ల మార్కెట్ పెద్దది, ఎలాగోలా నెట్టుకొస్తాయి. నేను మాట్లాడేది రాజమండ్రి, వరంగల్, తిరుపతి లాంటి ఊళ్ళ గురించి. అందులోనూ రాజమండ్రి పేరే ఎక్కువసార్లు వస్తుంది, నేను రేడియో పని నేర్చుకున్నది అక్కడే.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఒక ఊరి పేరు మీద వేలం వేసి ఇచ్చిన ఫ్రీక్వెన్సీలో రోజుకి కొన్ని గంటలైనా ఆ ఊళ్ళో కూర్చున్న మనిషి లైవ్‌లో మాట్లాడి తీరాలి, అది కంపెనీ ఇష్టానికి వదిలేసే విషయం కాదు, లైసెన్స్ షరతుగా ఉండాలి, ఆ షరతు అమలవుతోందో లేదో ఎవరో ఒకరు చూడాలి. అంతే.

ఇందులో గొంతెమ్మ కోరిక ఏమీ లేదు. 1993లో హీరో కప్ మ్యాచ్‌లు ఎవరు ప్రసారం చేయాలన్న తగాదా ముదిరి, బెంగాల్ క్రికెట్ సంఘం కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పులో కోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చి చెప్పింది. అందులో విడిగా తన అభిప్రాయం రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువాడే. ప్రజల ఆస్తి కాబట్టి ప్రజల మేలు కోసమే దాన్ని వాడాలన్నది ఆ తీర్పు సారం. ఈ దేశంలో ప్రైవేటు రేడియో వచ్చిందే ఆ తీర్పు తర్వాత. 1999లో మొదటి దశ విధానం వచ్చింది, 2001లో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం మోగింది, 2005లో రెండో దశ ప్రకటించాక మన విజయవాడ, రాజమండ్రి, తిరుపతి, వరంగల్‌కి కూడా స్టేషన్లు వచ్చాయి. వచ్చిన కొత్తల్లో ఎంత సందడిగా ఉండేదో ఆ రోజుల్లో ఆటో ఎక్కినవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు.

అప్పట్లో పొద్దున షో ఎలా నడిచేదో కాస్త చెప్పాలి, లేకపోతే ఏం పోయిందో అర్థం కాదు. ఆర్జే ఏడింటికి మైకు ముందు కూర్చోవాలంటే ఆరింటికే స్టేషన్‌కి రావాలి. వచ్చే దారిలో చూసిందే సగం కంటెంట్. కోటిపల్లి బస్టాండ్ దగ్గర నీళ్ళు నిలిచాయి, మోరంపూడి జంక్షన్‌లో లారీ అడ్డంగా ఆగిపోయింది, రోడ్ కం రైలు బ్రిడ్జి మీద మరమ్మతులు మొదలెట్టారు కాబట్టి కొవ్వూరు వెళ్ళే కాలేజీ పిల్లలు ఇంకో దారి చూసుకోవాలి. ఇవన్నీ మొదటి పాట అయ్యేలోపు లింక్‌లోకి వచ్చేసేవి. రేడియోలో పాటకీ పాటకీ మధ్య ఆర్జే మాట్లాడే ముక్కని లింక్ అంటాం. తర్వాత ఫోన్లు. తాడితోట బట్టల మార్కెట్లో షట్టర్ తీస్తూ ఒకాయన, కడియం నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెడుతూ ఒకావిడ. ఆ కడియం ఆవిడ ఒకరోజు ఫోన్ చేసి, పాట వద్దమ్మా, మా వీధి కుళాయికి మూడు రోజులుగా నీళ్ళు రావట్లేదు, అది చెప్పు చాలు అంది. ఆర్జే చెప్పింది. సాయంత్రానికి కుళాయి వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి. తన వీధి సంగతి రేడియోలో చెప్పించుకోవచ్చని ఆవిడకి తెలుసు, అడిగే ధైర్యం ఉంది, అడగడానికి అవతల ఒక మనిషి ఉంది. నేను స్థానిక కార్యక్రమం అనేది దీన్నే. ఊరి పేరు నాలుగుసార్లు పలికి సినిమా పాట వేస్తే అది స్థానికం అయిపోదు.

తర్వాత ఏమైందంటే, 2011లో మూడో దశ విధానం వచ్చింది. రెండో దశలో నెట్‌వర్కింగ్, అంటే ఒకచోట తయారుచేసిన కార్యక్రమాన్ని చాలాచోట్ల ఒకేసారి వెయ్యడం, ఒకే ప్రాంతంలోని చిన్న కేటగిరీ ఊళ్ళ మధ్య మాత్రమే చెల్లేది. మూడో దశలో ఆ గీత చెరిపేశారు. ఒక కంపెనీ తన స్టేషన్లన్నిటి మధ్యా, దేశమంతటా, నెట్‌వర్కింగ్ చేసుకోవచ్చన్నారు. పైకి చూస్తే సౌకర్యమే. కానీ ఖర్చు తగ్గించుకోవాలని చూసే ఏ మేనేజర్ అయినా ఆ సౌకర్యాన్ని ఎలా వాడతాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

నేను పనిచేసిన స్టేషన్ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క స్టేషన్ కథ కాదు. మార్పు ఒక్కరోజులో రాలేదు. ముందు రాత్రి షో పోయింది, పన్నెండు దాటాక ఎవరు వింటారు అన్నారు, నిజమే అనుకున్నాం. తర్వాత మధ్యాహ్నం షో పోయింది, అది ఆడవాళ్ళు ఎక్కువగా ఫోన్ చేసే షో. ప్లేలిస్ట్ అప్పటికే హెడ్డాఫీసులో సాఫ్ట్‌వేర్ వేసి పంపిస్తున్నారు, ఏ పాట ఎన్ని గంటలకో ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదు. తర్వాత వాయిస్ ట్రాకింగ్ వచ్చింది. ఒక ఆర్జే హైదరాబాద్‌లో కూర్చుని నాలుగూళ్ళకి కావాల్సిన లింకులు వరసగా రికార్డ్ చేసేస్తారు, రాజమండ్రికి ఒక ముక్క, తిరుపతికి ఒక ముక్క, ఊరి పేరు మార్చి. వాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళు పాపం బాగానే కష్టపడతారు, గూగుల్‌లో వెతికి దేవీచౌక్ పేరు కూడా సరిగ్గానే పలుకుతారు. కానీ నిన్న సాయంత్రం రికార్డ్ చేసిన లింక్‌లో ఇవాళ పొద్దున కురిసిన వాన ఎలా ఉంటుంది? చివరికి స్టేషన్‌లో మిగిలింది సేల్స్ టీము, ఒక టెక్నీషియన్, బయట బోర్డు. స్టూడియో గదిలో ఏసీ కూడా కట్టేశారు.

కంపెనీల వైపు నుంచి కూడా చూడాలి, చూడకుండా తిట్టడం న్యాయం కాదు. లైసెన్స్ కోసం వేలంలో ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి. ఆ పైన 2011 విధానం ప్రకారం ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం, లేదా ఆ ఊళ్ళో వేలం పలికిన ధర మీద లెక్కగట్టిన రుసుములో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది కట్టాలి. అంటే వ్యాపారం పడిపోయినా రెండో లెక్క కిందికి దిగదు. పాటలకి రాయల్టీ, టవర్‌కి అద్దె, కరెంటు బిల్లు సరేసరి. కరోనా సమయంలో షాపులు మూసేస్తే చిన్న ఊళ్ళలో స్పాట్లు, అంటే యాడ్లు, ఇచ్చే దిక్కు లేకుండా పోయింది. ఈ భారమంతా నిజమే. కానీ ఇంతా చేసి కోత దేనిమీద పెట్టారు? వినేవాళ్ళు రేడియో పెట్టుకోవడానికి ఉన్న ఒకే ఒక్క కారణం మీద. పాటలు ఫోన్లో ఉన్నాయి, ఏ పాట కావాలంటే ఆ పాట, యాడ్లు లేకుండా. ఫోన్లో లేనిది ఆ ఊరి మనిషి, ఆ పూట మాట. దాన్నే తీసేశాక శ్రోతలు తగ్గిపోయారండీ అని మీటింగుల్లో దిగులు పడితే ఏం లాభం?

ఇంకో మాట తరచు వింటుంటాం, ప్రైవేటు ఎఫ్‌ఎంకి వార్తలు చదివే అనుమతి లేదు కదా, ఇంక ఊరి గురించి ఏం చెబుతాం అని. అనుమతి లేని మాట నిజం. ఆకాశవాణి బులెటిన్‌ని అక్షరం మార్చకుండా వేసుకోవచ్చు, అంతవరకే. ఈ నిషేధం పోవాలని నేనూ గట్టిగా కోరుకుంటాను. ప్రైవేటు ఎఫ్‌ఎంలో గంటకి 10 నిమిషాల వరకు వార్తలు అనుమతించమని 2023 సెప్టెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా సిఫార్సు చేసింది. కానీ ఒక్కసారి మూడో దశ నిబంధనలు తీసి చదవండి. ట్రాఫిక్, వాతావరణం, పరీక్ష ఫలితాలు, ఉద్యోగ సమాచారం, స్థానిక అధికారులు ఇచ్చే కరెంటు, నీటి సరఫరా ప్రకటనలు, ప్రకృతి విపత్తుల హెచ్చరికలు, ఆరోగ్య హెచ్చరికలు, ఇవేవీ వార్తల కిందికి రావని అందులో స్పష్టంగా రాసి ఉంది. కడియం ఆవిడ కుళాయి సంగతి, స్థానిక అధికారుల్ని ఒక మాట అడిగి, ఈ నిబంధనల్లోనే హాయిగా చెప్పొచ్చు. కొరత నిబంధనది కాదు, చెప్పే మనిషిది.

గోదావరి ఒడ్డున ఇది సరదా విషయం కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా వైపు చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ నీళ్ళు కిందికి రావడానికి టైము పడుతుంది, ఆ టైములోనే బ్రిడ్జిలంక, కేతావారిలంకలో ఉన్నవాళ్ళు గట్టుకి చేరాలి, పశువుల్ని ఎక్కడ కట్టెయ్యాలో, పునరావాస కేంద్రం ఏ స్కూల్లో పెట్టారో తెలియాలి. అలాంటి రాత్రి నాలుగూళ్ళకి కలిపి ముందే రికార్డ్ చేసిన ప్రేమ పాటల షో వస్తే, ఆ ఫ్రీక్వెన్సీ ఎవరి కోసం ఉన్నట్టు? వాట్సాప్ ఉంది కదా అంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏమైందో చూశాం కదా. కరెంటు పోయింది, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది, మేడల మీద జనం పడవ ఎటు నుంచి వస్తుందో, వస్తుందో రాదో తెలియకుండా కూర్చున్నారు. రెండు బ్యాటరీలతో రోజుల తరబడి పలికే పరికరం రేడియో. అయితే అందులో మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో ఉండాలి.

అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో మైనాట్ అని ఒక చిన్న ఊరు ఉంది. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక అక్కడ రైలు పట్టాలు తప్పి అమ్మోనియా గాలి ఊరి మీదికి వచ్చింది. ఆ ఊళ్ళోని ఆరు కమర్షియల్ రేడియో స్టేషన్లూ క్లియర్ చానెల్ అనే ఒకే కంపెనీవి. 1996లో అక్కడ చట్టం మార్చి ఒక కంపెనీ ఎన్ని స్టేషన్లు కొనొచ్చన్న జాతీయ పరిమితి ఎత్తేశాక అది వెయ్యికి పైగా స్టేషన్లు పోగేసింది. పోలీసులు స్టేషన్‌కి జనాన్ని హెచ్చరించమని ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని వాళ్ళన్నారు, పోలీసులు తమ అత్యవసర ప్రసార యంత్రాన్ని సరిగ్గా అమర్చుకోలేదని కంపెనీ అంది. తప్పెవరిదన్నది వాళ్ళు వాళ్ళు వాదించుకున్నారు. ఆ రాత్రి ఒక మనిషి చనిపోయాడు, వందలమంది గాయాల పాలయ్యారు.

బ్రిటన్‌లో ఇంకా పద్ధతిగా, నియమాలు మార్చి మరీ చేశారు. 2018లో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ స్థానిక స్టేషన్లు చెయ్యాల్సిన ఊరి కార్యక్రమాన్ని పనిరోజుకి మూడు గంటలకి తగ్గించింది. నాలుగు నెలలు తిరిగేసరికి గ్లోబల్ అనే కంపెనీ హార్ట్, క్యాపిటల్, స్మూత్ స్టేషన్లలో ఊరూరా నడిచే పొద్దున షోలని ఎత్తేసి లండన్ నుంచి ఒక్కోదానికి ఒకే షో పెడతామని ప్రకటించింది. 2024లో వచ్చిన మీడియా చట్టం మిగిలిన ఆ గంటల షరతు కూడా తీసేసింది. కానీ ఒక్కటి మాత్రం వదల్లేదు, స్థానిక వార్తలు, సమాచారం ఇచ్చి తీరాలి, స్థానికంగా సేకరించిన వార్తలు అందులో ఉండాలి అని రాసుకున్నారు. అంత వదులుకున్న వాళ్ళు కూడా ఆ ఒక్కటి పట్టుకున్నారు, మన దగ్గర అదీ లేదు.

కమ్యూనిటీ రేడియో ఉంది కదా అని ఎవరైనా అడుగుతారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో 2008 నుంచి నడుస్తోంది, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తరఫున దళిత మహిళలే నడుపుతున్నారు. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు అన్నీ వాళ్ళ యాసలోనే. అంటే ఖరీదైన సెటప్ లేకుండా ఊరి మనుషులు రేడియో నడపగలరని అక్కడ రుజువైంది. కానీ కమ్యూనిటీ రేడియోకి పరిధి తక్కువ, యాడ్లకి పరిమితి ఉంది. లక్షల జనాభా ఉన్న ఊరికి అది చాలదు. పైగా ఊరి ఫ్రీక్వెన్సీ తీసుకుని లాభం కోసం నడిపేవాళ్ళ బాధ్యతని సంఘం మహిళల నెత్తిన పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

ఇప్పుడే ఎందుకు ఇంతలా చెబుతున్నానంటే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త ఊళ్ళలో 730 ఎఫ్‌ఎం చానెళ్ళ వేలానికి ఆమోదం తెలిపింది. మన రెండు రాష్ట్రాల ఊళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కంటెంట్ పెరుగుతుందని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. మంచిదే. ఆ మాటని షరతుగా రాయమనండి. పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు స్థానిక స్టూడియో నుంచి లైవ్. వరదలు, తుపాన్ల రోజుల్లో ఇరవై నాలుగు గంటలూ స్టేషన్‌లో మనిషి. కలెక్టరాఫీసు కంట్రోల్ రూమ్ నుంచి స్టూడియోకి నేరుగా ఒక లైను. దీనికి బదులుగా ఏటా కట్టే రుసుములో రాయితీ ఇవ్వండి, నేనే చెబుతున్నాను, స్థానిక సిబ్బందిని పెట్టుకున్న స్టేషన్‌కి ఫీజు తగ్గించినా ప్రజలకి నష్టం లేదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో తొలిరోజే పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది పోయారు. ఈసారి లక్షలమంది దిగే ఊళ్ళో కోటిలింగాల ఘాట్ ఖాళీగా ఉంది, అటు వెళ్ళండి అని ఆ క్షణాన చెప్పగల గొంతు ఎక్కడ కూర్చుని ఉండాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

ఈ హాల్లో షాపుల వాళ్ళు, కాలేజీల వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకొక్క మాట. చిన్న ఊరి స్టేషన్ బతికేది మీ యాడ్ల మీదే, ఆషాఢం సేల్ నుంచి అడ్మిషన్ల దాకా. రేపు సేల్స్ కుర్రాడు పది సెకన్ల రేటు కార్డు పట్టుకుని వస్తే బేరం ఆడే ముందు రెండు ప్రశ్నలు అడగండి. నా స్పాట్ వచ్చే షో ఎక్కడి నుంచి వస్తోంది? ఆ ఆర్జే మా షాపుకి ఎప్పుడైనా వచ్చారా? ఆ కుర్రాడి దగ్గర జవాబు ఉండదు, అతని మీద కోప్పడకండి, ఆ ప్రశ్న రాసి పైకి పంపమనండి. శ్రోతల ఉత్తరాలు హెడ్డాఫీసులో ఎవరూ చదవకపోవచ్చు, యాడ్ ఇచ్చేవాడి ప్రశ్న మాత్రం చదువుతారు, అది నేను లోపల ఉండి చూశాను. ఇంక మీరు అడగండి, నాకు తెలిసినంత వరకు చెబుతాను.