ఒక్క టర్మినల్ కోసం లైన్ మొత్తం ఆపొద్దు

స్క్రీన్ మీద: ఆపరేటర్ కన్సోల్, నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు.

వాయిస్: బ్రాంచి నుంచి ఫోన్ వస్తుంది. "మా టర్మినల్ కదలడం లేదు, కాస్త రీస్టార్ట్ చేయండి." టెన్షన్‌లో చాలామంది చేయి నేరుగా లైన్ మీదకే పోతుంది. దయచేసి ఆగండి.

మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్‌ని టర్మినళ్లతో కలిపేందుకు ఐబీఎం 1974లో ప్రకటించిన ఎస్‌ఎన్‌ఏ నెట్‌వర్క్‌లో లైన్, అంటే బ్రాంచికి వెళ్లే కమ్యూనికేషన్ లింక్, పైన ఉంటుంది. దాని కింద పీయూ, అంటే కంట్రోలర్. దాని కింద ఎల్‌యూలు, అంటే టర్మినళ్లు, ప్రింటర్లు. ఒక్క 3274 కంట్రోలర్ కిందే 32 దాకా ఉండొచ్చు. లైన్ ఆపితే పని సాఫీగా చేసుకుంటున్న వాళ్ల సెషన్లు, అంటే అప్లికేషన్‌తో వాళ్ల కనెక్షన్లు, కూడా పోతాయి.

అందుకే ముందు చూడాలి.

స్క్రీన్ మీద: డీ నెట్,ఐడీ=టర్మ్05,ఈ

వాయిస్: ఇది డిస్‌ప్లే కమాండ్. దీనికి వీటామ్, అంటే మెయిన్‌ఫ్రేమ్‌లో ఈ నెట్‌వర్క్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఇచ్చే జవాబులో స్టేటస్ చూడండి. యాక్ట్/ఎస్ అని ఉంటే సెషన్ ఇంకా బతికే ఉంది, ఏ అప్లికేషన్‌తోనో కింద కనిపిస్తుంది. అప్పుడు ముందుగా యూజర్‌ని కీబోర్డు మీద రీసెట్ నొక్కమనండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

కాకపోతే ఆ ఒక్క టర్మినల్‌నే ఆపుదాం.

స్క్రీన్ మీద: వీ నెట్,ఇనాక్ట్,ఐడీ=టర్మ్05,ఐ

వాయిస్: ఇది వేరీ కమాండ్. చివరి 'ఐ', అంటే ఇమ్మీడియేట్, చాలా ముఖ్యం. అది లేకపోతే సెషన్ దానంతటది ముగిసేదాకా వీటామ్ ఎదురుచూస్తుంది. బిగుసుకుపోయిన సెషన్ ఎప్పటికి ముగియాలి? 'ఐ'తో కూడా కదలకపోతేనే 'ఎఫ్', అంటే ఫోర్స్. మొదటి దెబ్బకే ఫోర్స్ వాడటం నాకు అస్సలు నచ్చదు.

వెంటనే "వేరీ యాక్సెప్టెడ్" అని మెసేజ్ వస్తుంది. కమాండ్ అందిందని మాత్రమే దాని అర్థం, పని అయిపోయిందని కాదు. "నోడ్ నౌ ఇనాక్టివ్" అనే ఐఎస్‌టీ105ఐ మెసేజ్ వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే ఇది కొట్టండి.

స్క్రీన్ మీద: వీ నెట్,యాక్ట్,ఐడీ=టర్మ్05

వాయిస్: ఐఎస్‌టీ093ఐ, "యాక్టివ్" అని వస్తే టర్మినల్ లేచినట్టే. యూజర్‌ని మళ్లీ లాగాన్ కమ్మని చెప్పండి.

నిజంగా లైనే పడిపోయిందని డిస్‌ప్లేలో తేలితే, ముందు బ్రాంచికి ఫోన్ చేసి చెప్పి, అప్పుడు లైన్ ఆపండి. తిరిగి లేపేటప్పుడు స్కోప్=ఆల్ ఇస్తే కింద ఉన్న కంట్రోలర్లు, టర్మినళ్లు కూడా వరుసగా లేస్తాయి. అందరూ వచ్చారో లేదో మళ్లీ డిస్‌ప్లే కొట్టి చూసుకోండి.